దూలాల మీద సంసారం

బస్తర్ అడవులలోని మురియా గోండుల ఇంట అడుగుపెట్టిన పట్నవాసికి ఇల్లు ఖాళీగా ఉన్నదనే భావం మొదట కలుగుతుంది. పేడతో అలికిన నేల మీద ఒక పొయ్యి, రెండు మూడు కుండలు, మూలకు చుట్టిపెట్టిన చాపలు. అంతకు మించి నేలను ఆనుకొని ఉన్న వస్తువు అరుదుగా కనిపిస్తుంది. బీరువా లేదు, సొరుగులు లేవు. ఆ వ్యక్తి తల పైకెత్తి చూస్తే సంసారమంతా పైన ఉన్నదని తెలుస్తుంది. దూలాల మీద, వాసాల సందులలో, చూరు క్రింద ఆ కుటుంబపు సామగ్రి అమరి ఉంటుంది: విత్తనాల మూటలు, చేపలు పట్టే బుట్టలు, విల్లమ్ములు, పండుగనాటి డోలు. నేల మాత్రం పసిపిల్లలకు, కోళ్ళకు వదిలిపెట్టబడినది.

ఇది పేదరికం వల్ల ఏర్పడిన శూన్యమని తీర్మానించడం తొందరపాటు. చిన్న ఇంటిలో, పాకే పిల్లల నడుమ, ఒక ఏడాది తిండిని ఎలుకల నుండి, పురుగుల నుండి, నాలుగు నెలల వాననుండి కాపాడడం సామాన్యమైన పని కాదు. దానికొక శాస్త్రం ఉన్నది. ఆ శాస్త్రంలో మొదటి సాధనం పొగ.

పొయ్యి పైభాగంలో వెదురు తడిక కట్టి, దాని మీదనో, దాని క్రిందనో మరుసటి ఏటికి కావలసిన విత్తనాలను ఉంచుతారు. మొక్కజొన్న కంకులను పొత్తుతోనే జడలుగా కట్టి వ్రేలాడదీస్తారు. చిక్కుడు గింజలను, ఇతర విత్తనాలను అడ్డాకులలో చుట్టి, నారతో బిగించి, బంతులవలె కడతారు. తెలుగుదేశంలో విస్తళ్ళు కుట్టే అడ్డాకే ఇది. దినదినమూ సోకే పొగకు, వేడికి తేమ చేరదు, పుచ్చు పట్టదు. తేమకు కరిగిపోయే ఉప్పుకు కూడా పొయ్యి సమీపమే క్షేమం. వంటిల్లు, విత్తనాల కొట్టు, ఆరబెట్టే గది అనే మూడింటి పనిని ఒక్క పొయ్యి చేస్తున్నదన్నమాట.

రెండవ సాధనం సొరకాయ బుర్ర. ముదిరిన కాయను ఎండబెట్టి, లోపలి గుజ్జును, గింజలను తీసివేస్తే అది తేలికైన పాత్ర అవుతుంది. మెడకు త్రాడు కట్టి గుంజకు తగిలించవచ్చు, భుజాన వేసుకొని పొలానికి పోవచ్చు. అంబలి, నీరు, జీలుగ కల్లు అందులో చల్లగా ఉంటవి. కాల్చిన ఇనుప కత్తితో దాని మీద నగిషీలు దిద్దడం బస్తర్‌లో ఒక ప్రసిద్ధమైన హస్తకళ. నేడు ఆ బుర్రలే నగరాలలో దీపాల గుబ్బలుగా అమ్ముడుపోతున్నవి. వాటిలో అంబలి పోసుకునేవారని కొన్నవారికి తెలుసునో, తెలియదో!

ధాన్యం సంగతి వేరు. బరువైనది గనుక అది పైకి ఎక్కదు. వెదురుతో అల్లి, మట్టి, పేడ కలిపి మెత్తిన గాదెలో భద్రమవుతుంది. ఇంటి లోపలి భాగంలో పితృదేవతలకు ప్రతీకగా ఒక కుండ ఉంటుంది. క్రొత్త పంటను ముందు అక్కడ నివేదించి, పిదప ఇంటివారు నవాఖాని పండుగ చేసుకొని భుజిస్తారు. పితరులు నివసించే చోట చెత్తాచెదారం పోగుపడదు. ఏ గృహవిజ్ఞాన గ్రంథమూ ఇంతకంటె బలమైన నియమాన్ని విధించలేదు.

ఇక పిల్లలు. వెరియర్ ఎల్విన్ 1940 దశకం ఆరంభంలో బస్తర్‌లో పరిశోధన సాగించి, 1947లో ఘోటుల్ గురించి ఒక బృహద్గ్రంథం ప్రచురించాడు. ఘోటుల్ అంటే ఊరి బాలబాలికలు రాత్రులు గడిపే ఉమ్మడి శాల. బాలురను చేలిక్ అని, బాలికలను మొటియారీ అని పిలుస్తారు. పగలు వారు ఇంటిలోనే తిని, తల్లిదండ్రులతో పనిచేస్తారు. చీకటి పడగానే అక్కడికి చేరుతారు. ఘోటుల్ మాట ఎత్తగానే బయటివారు అందులోని ఆటపాటలను, ప్రణయాన్ని గురించే వ్రాశారు, ఆశ్చర్యపోయారు, కొందరు అసహ్యించుకున్నారు. అది ఇంటికి చేసిన నిరాడంబరమైన మేలును పట్టించుకున్నవారు తక్కువ. ఎదిగిన పిల్లలు తల్లిదండ్రుల సమీపంలో నిద్రించరాదని మురియాల భావన. ఘోటుల్ వల్ల ఆ ఒక్క గదిలో రాత్రివేళ నాలుగు చాపల స్థలం మిగిలేది. పిల్లలకు ఊడ్వడం, సర్దడం కూడా అక్కడే అలవడేది. చిన్నవారు దినదినమూ కట్టెలు తేవాలి. తేనివారికి శిక్ష తప్పదు.

వారి సొంత వస్తువులు ఎక్కడ ఉండేవి? ఒంటి మీదనే. చేలిక్‌లు చెక్కి ఇచ్చిన దువ్వెనలు మొటియారీల కొప్పులలో, పూసలు మెడలో, పొగాకు డబ్బీ నడుము దగ్గర.

ఆ ఘోటుల్ ఇప్పుడు చాలా ఊళ్ళలో క్షీణించినది. పిల్లలు ఆశ్రమశాలలకు, 2011 తర్వాత దంతెవాడ, సుకుమ, బీజాపూర్ ప్రాంతాలలో వెదురుతో, రేకులతో నిర్మించిన వసతి పాఠశాలలకు పోతున్నారు. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు వారి వెంట తాళం వేసిన రేకు పెట్టె వస్తుంది. దూలం మీద పట్టని మొదటి వస్తువు అది.

నిలవచేసుకునే స్థలం ఉన్నదా, లేదా అన్నది ఇక్కడ కడుపుకు సంబంధించిన ప్రశ్న. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ మాసాలలో రాలుతుంది. ఎండబెట్టి దాచుకోగల ఇల్లు వానాకాలం దాకా ఆగుతుంది. దాచుకోలేని ఇల్లు వారపు సంతలో చవుకగా అమ్మి, ఆకలి నెలలలో అదే పువ్వును హెచ్చు ధరకు కొనుక్కుంటుంది. సారపప్పును ఉప్పుకు మార్చుకుని వర్తకుల చేతిలో మోసపోయిన రోజులు బస్తర్ ఎరుగును.

ఇంటిలోనే సర్వస్వం దాచుకోవడంలోని ప్రమాదం కూడా ఈ నేలకు తెలిసినదే. 2011 మార్చిలో తాడిమెట్ల, తిమ్మాపురం, మోర్పల్లి గ్రామాలలో 200కు పైగా ఇళ్ళు దగ్ధమైనవి. దర్యాప్తును సుప్రీంకోర్టు అదే ఏడాది సి.బి.ఐ.కి అప్పగించింది. ఇల్లు కాలితే గాదె కాలుతుంది, పొయ్యి మీది విత్తనమూ కాలుతుంది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిదప వేలాది మంది ఊళ్ళు విడిచి గోదావరి పరిసరాల ఖమ్మం అడవులకు వలస వచ్చారు. తెలుగువారు గుత్తికోయలని పిలిచే ఆ కుటుంబాలు పరాయి అడవిలో మళ్ళీ గుంజలు పాతి, తడికలు అల్లుకున్నవి.

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం ఇంటి కనీస వైశాల్యాన్ని 20 నుండి 25 చదరపు మీటర్లకు పెంచింది. గట్టి కప్పు ఉరవదు, త్వరగా అంటుకోదు. తల్లికి అది చిన్న లాభం కాదు. కాని నున్నని శ్లాబుకు దూలాలు లేవు, వాసాల సందులు లేవు, పొగ పోయే దారి లేదు. అందుచేత క్రొత్త గది పక్కనే పాత గుడిసెను ఉంచుకుని, పొయ్యినీ గాదెనూ అందులోనే కొనసాగించేవారు ఉన్నారు. శ్లాబు పోసేటప్పుడు పంకా కోసం ఒక కొక్కెం ఎలాగూ వదులుతారు. బుట్టలకోసం మరో నాలుగు వదిలి, గోడకొక అటక కడితే మేస్త్రీకి పట్టే కాలం ఒక పూట.