ఇంజిన్ బేరింగ్‌కు సన్నని పూత: ఎప్పుడు అక్కరకొస్తుంది?

కారు ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 7,000 సార్లు తిరుగుతున్నా, అంతా సవ్యంగా ఉంటే అది తన బేరింగ్‌ను తాకదు. రెండింటినీ వేరుచేసేది ఆయిల్ పొర. భారం గరిష్ఠంగా పడే క్షణంలో ఈ పొర మందం ఒక మైక్రాన్ దగ్గరకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు పడిపోతుంది. రేసింగ్ ఇంజిన్‌కు పూత పూసిన బేరింగ్‌లు ఎంచుకునేవారు ముందు అర్థం చేసుకోవలసింది ఈ పొరనే.

1883లో బ్రిటిష్ ఇంజినీర్ బ్యూచాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగ్‌లను పరీక్షిస్తూ ఒక బేరింగ్ పైభాగాన రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే అందులోంచి నూనె ఉబికి వచ్చింది. రంధ్రానికి బిగించిన చెక్క బిరడాను సైతం బయటకు నెట్టేసింది. తిరిగే ఇరుసు నూనెను ఇరుకు సందులోకి లాక్కెళ్లి ఒత్తిడి పుట్టిస్తుందని, ఆ ఒత్తిడే భారాన్ని మోస్తుందని దీంతో తెలిసింది. 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీన్ని గణిత సమీకరణంగా మలిచాడు.

అయితే ఈ పొర అన్నివేళలా ఉండదు. ఇంజిన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో వేగం చాలదు. రేస్ ట్రాక్‌పై మరో చిక్కు ఉంది. పుదుచ్చేరికి ఉత్తరాన, శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వంటి ట్రాక్‌పై వేగంగా మలుపు తిరిగేటప్పుడు సంప్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు పంపు ఆయిల్‌కు బదులు గాలిని పీల్చే ప్రమాదముంది. అదే జరిగితే లోహం లోహాన్ని రాసుకుంటుంది.

పూత పని అక్కడే మొదలవుతుంది. వేడిని తట్టుకునే పాలిమర్‌లో మాలిబ్డినం డైసల్ఫైడ్, గ్రాఫైట్ వంటి ఘన కందెనలను కలిపి బేరింగ్ షెల్ లోపలి వైపు పూస్తారు. ఈ పదార్థాల అణువులు పొరలు పొరలుగా ఉంటాయి. పొరల మధ్య బంధం బలహీనం కనుక, పేక ముక్కల్లా ఒకదానిపై ఒకటి సులువుగా జారతాయి. ఆయిల్ తిరిగి అందేదాకా బేరింగ్‌ను కాపాడేది ఈ జారుడు గుణమే. కానీ బలహీనమైన పంపును, మురికి ఆయిల్‌ను, వంకర పోయిన షాఫ్ట్‌ను ఏ పూతా సరిదిద్దలేదు.

ఎంపికలో అసలు మెలిక క్లియరెన్స్. షాఫ్ట్ వ్యాసంలో సుమారు వెయ్యో వంతు ఖాళీ ఉండాలన్నది మెకానిక్‌ల మోటు లెక్క. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు అది 50 మైక్రాన్లు. పూత మందం 8 మైక్రాన్లనుకుందాం. పై షెల్, కింది షెల్ రెండింటికీ కలిపి 16 మైక్రాన్లు పోతే, మిగిలేది 34 మాత్రమే. ఖాళీ మరీ తగ్గితే ఆయిల్ ప్రవాహం తగ్గి వేడి పెరుగుతుంది. పూత మందాన్ని ముందే లెక్కలోకి తీసుకుని షెల్ తయారుచేసే కంపెనీలూ ఉన్నాయి. అందుకే పూత ఉన్న షెల్‌లనే అమర్చి, బోల్టులు నిర్ణీత టార్క్‌కు బిగించి, పూతపై గీత పడకుండా కొలవాలి. ఖాళీ చాలకపోతే పూతను గీకకూడదు. వేరే సైజు షెల్ తెచ్చుకోవాలి.

ఇదే ఘర్షణ సమస్యను హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు మరో దారిలో ఎదుర్కొన్నారు. అత్యంత స్వల్పకాలిక లేజర్ స్పందనలతో పిస్టన్ రింగులపై 10 నుంచి 20 మైక్రాన్ల వ్యాసం గల సూక్ష్మ గుంతలు చెక్కారు. ఇవి ఆయిల్‌ను నిల్వ ఉంచుతాయి. ఇంజిన్ పరీక్షలో ఆయిల్ వినియోగం 16 శాతం తగ్గింది.

పూత అయినా, గుంత అయినా ఆయిల్‌కు తోడే తప్ప బదులు కాదు. రేస్ ఇంజిన్‌కు ఖర్చు పెట్టేటప్పుడు ముందు వరుసలో ఉండాల్సినవి మంచి పంపు, మలుపుల్లో ఆయిల్‌ను పట్టి ఉంచే సంప్, సరైన కొలత. పూత వాటి తర్వాతే.