గోయాకు లైనక్స్‌లో చోటు దొరికిన కథ

కృత్రిమ మేధ కోసం తయారుచేసిన చిప్పు సెకనుకి లక్షల కోట్ల గుణకారాలు చేస్తుంది. దాని డ్రైవర్ మాత్రం వాటిలో ఒక్కటీ చేయదు. అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల దశాంశ లెక్కల జోలికి పోకూడదన్నది లైనక్స్‌లో పాత కట్టుబాటు. ఎవరి మెమరీని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరి పని ముందు, చిప్పు మొండికేస్తే ఏం చేయాలి - డ్రైవర్ చూసేది ఇవే. లెక్కలు చిప్పువి, పెత్తనం డ్రైవర్‌ది.

2019 జనవరిలో ఓడెడ్ గబ్బే అనే ఇంజినీరు లైనక్స్ కెర్నెల్ వాళ్ల ముందు అలాంటి డ్రైవర్ ఒకటి పెట్టాడు. ఇజ్రాయెల్‌లో 2016లో పుట్టిన హబానా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ చేసిన గోయా చిప్పుకి అది డ్రైవర్. శిక్షణ ముగిసిన న్యూరల్ నెట్‌వర్కును నడిపి జవాబు రాబట్టడం గోయా పని. దాని లోపల ఎనిమిది టెన్సర్ ప్రాసెసర్లు, మాత్రికల గుణకారానికి విడిగా ఇంకో యంత్రం ఉన్నాయి. గబ్బే ఈ విద్యకు కొత్తవాడు కాడు. అంతకుముందు ఏఎండీ గ్రాఫిక్స్ చిప్పులతో లెక్కలు చేయించే డ్రైవర్‌ను కెర్నెల్‌లోకి తెచ్చినవాడు.

సర్వర్‌లోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో కార్డు పెట్టగానే చిప్పు రిజిస్టర్లు కంప్యూటర్ అడ్రసుల్లో ఒక భాగంగా కనిపిస్తాయి. ఆ అడ్రసుకు డ్రైవర్ ఒక సంఖ్య రాస్తే అది మెమరీలోకి కాక నేరుగా చిప్పులోకి పోతుంది. అక్కడ చదివితే చిప్పు ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. ఎక్కడ చదివినా అన్ని బిట్లూ ఒకట్లే వస్తున్నాయంటే మాత్రం డ్రైవర్ రాసేవాడికి గుండె జారుతుంది. చిప్పు పలకడం మానేసిందన్నమాట.

పనులు అప్పజెప్పేది ఇలా ఒక్కో రిజిస్టర్ ద్వారా కాదు, అంత తీరిక ఎవరికీ లేదు. మెమరీలో కొంత చోటు తీసుకుని ఆజ్ఞలు వరసగా రాస్తారు. చివరికి చేరాక మళ్లీ మొదటికి వస్తారు. గానుగెద్దులా రాసే చేయి, చదివే చేయి ఆ చోటు చుట్టూనే తిరుగుతుంటాయి. రాసేది డ్రైవర్, చదివేది చిప్పు. రాయడం అయ్యాక డోర్‌బెల్ అనే రిజిస్టర్‌లో ఓ సంఖ్య వేస్తే చిప్పు లేచి పని అందుకుంటుంది. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. వేగం కోసం ప్రాసెసర్ రాతల వరస మారుస్తుంది. ఆజ్ఞ మెమరీకి చేరకముందే డోర్‌బెల్ మోగితే చిప్పు పాత చెత్తను ఆజ్ఞగా చదువుకుంటుంది. అందుకే ఆ రెంటి మధ్య ‘ఇవతలివి ముగిశాకే అవతలికి వెళ్లు’ అనే బారియర్ ఒకటి పెడతారు. అది మరిచిపోయిన డ్రైవర్ ఒక కంప్యూటర్‌లో ఏడాది పాటు బుద్ధిగా నడిచి, మరో రకం ప్రాసెసర్ మీద మొదటి గంటలోనే కూలిపోవచ్చు.

ఇంకో భయం డీఎంఏ. చిప్పు ప్రాసెసర్‌ని అడగకుండానే కంప్యూటర్ మెమరీలోంచి సమాచారం లాక్కుంటుంది, ఫలితాలు అక్కడే పడేస్తుంది. వేగమంతా అందులోనే ఉంది, ముప్పు కూడా అందులోనే. వాడుకరి ప్రోగ్రాం ఇచ్చిన ఆజ్ఞలో తప్పుడు అడ్రసు ఉంటే పక్కవాడి రహస్యాలు చిప్పు చేతికి చిక్కుతాయి. అందుకే గోయా డ్రైవర్ డీఎంఏ వరసలోకి వెళ్లే ఆజ్ఞలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తుంది. వాడుకరికి హక్కు లేని ఆజ్ఞ కనిపిస్తే మొత్తం కట్టనే తిప్పికొడుతుంది. పని ఎంతకీ తేలకపోతే చిప్పును రీసెట్ చేసి, దాన్ని పట్టుకున్న ప్రోగ్రాంలను చంపేస్తుంది. మోటుగానే ఉంటుంది గానీ, మధ్యలో చిక్కుకున్న చిప్పును బుజ్జగించే దారి లేదు మరి.

ఇంత జాగ్రత్తగా రాసినా పేచీ వచ్చింది. కెర్నెల్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లన్నిటికీ పెద్దదిక్కు డేవ్ ఎయిర్లీ. ఆయన పెట్టిన మెలిక చిన్నది, మింగుడుపడనిది: డ్రైవర్ బయటపెట్టారు సరే, ఆ ఆజ్ఞలను తయారుచేసే కంపైలర్, లైబ్రరీ మీ దగ్గరే దాచుకుంటే ఈ డ్రైవర్ సరైనదో కాదో మేం ఎలా తేల్చాలి? గ్రాఫిక్స్ వాళ్లు ఏళ్ల తరబడి నిలబెట్టిన నియమం అది. వాడుకరి వైపు సగం కూడా అందరికీ కనిపిస్తేనే కెర్నెల్ వైపు సగానికి ప్రవేశం.

ఎటూ చెందని డ్రైవర్లుండే ‘మిస్క్’ విభాగాన్ని చూసుకునే గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ అంత పట్టు పట్టలేదు. ఇది గ్రాఫిక్స్ కాదు కదా అని తన విభాగంలో చోటిచ్చాడు. 2019 మేలో వచ్చిన లైనక్స్ 5.1లో గోయా డ్రైవర్ చేరిపోయింది. ఆ డిసెంబర్‌లో ఇంటెల్ దాదాపు 200 కోట్ల డాలర్లిచ్చి హబానాను కొనేసింది.

రెండేళ్లకు గొడవ మళ్లీ రాజుకుంది. హబానా రెండో చిప్పు గౌడి, ప్రాసెసర్ జోక్యం లేకుండా నెట్‌వర్క్ కార్డుతో నేరుగా సమాచారం పంచుకోవాలి. దానికి కావలసిన డీఎంఏ-బఫ్ అనే ఏర్పాటు గ్రాఫిక్స్ వాళ్లు కట్టుకున్నది. మా నియమం వద్దు, మా సొత్తు కావాలా అని వాళ్లు అడ్డుపడ్డారు. ఈసారి హబానా దిగొచ్చింది. 2021లో టెన్సర్ ప్రాసెసర్ల కంపైలర్‌ను, డ్రైవర్‌ను పరీక్షించడానికి సరిపడేంత లైబ్రరీని బయటపెట్టింది. డీఎంఏ-బఫ్ తోడ్పాటు 5.16లో దక్కింది. నా లెక్కలో ఎయిర్లీ పట్టుదల ఎంత అవసరమో, గ్రెగ్ సడలింపు కూడా అంతే అవసరమైంది. లోపలికి వచ్చాక పోగొట్టుకునేది ఉంది కాబట్టే కంపెనీ వంగింది.

2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2లో ఇలాంటి చిప్పులకోసమే ‘యాక్సెల్’ అనే ప్రత్యేక విభాగం వెలిసింది. దాన్ని కట్టింది గబ్బేనే, కట్టింది గ్రాఫిక్స్ వాళ్ల పునాది మీదే. తర్వాతి 6.3లో హబానా డ్రైవర్ అక్కడికి మారింది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పులో కృత్రిమ మేధ లెక్కలు చేసే ఎన్‌పీయూ అనే భాగపు డ్రైవర్ పక్కన చేరింది. 6.4లో క్వాల్‌కామ్ వచ్చింది, 2025లో 6.14తో ఏఎండీ వచ్చింది.

కృత్రిమ మేధ చిప్పుల బజారులో అందరికన్నా పెద్ద పేరు ఎన్‌విడియా మాత్రం ఈ వరసలో లేదు. 2022 మేలో ఆ కంపెనీ కెర్నెల్ వైపు కోడ్‌ను బయటపెట్టింది, కానీ వాడుకరి వైపు ఉండే ‘కుడా’ (CUDA) లైబ్రరీలను మూసే ఉంచింది. దాని సొంత డ్రైవర్‌ను ఇప్పటికీ లైనక్స్‌కు బయటినుంచి విడిగా తెచ్చి పెట్టుకోవలసిందే.