దగ్గుతో రక్తం పడినప్పుడు

ఊపిరితిత్తులకు రక్తం రెండు మార్గాల్లో చేరుతుంది. మొదటిది పుపుస ధమని మార్గం. గుండె కుడి భాగం నుండి రక్తం ఊపిరితిత్తుల గుండా సాగి ఎడమ భాగానికి చేరుతుందని డమాస్కస్‌కు చెందిన ఇబ్నె నఫీస్ (మరణం 1288) ఇబ్నె సీనా వైద్యగ్రంథంపై రాసిన వ్యాఖ్యానంలో వివరించారు. ఐరోపాలో ఆ సంగతి అచ్చులోకి వచ్చింది 1553లో.

రెండవది శ్వాసనాళ ధమనుల మార్గం. ఇవి బృహద్ధమని నుండి చీలి శ్వాసనాళాల గోడలను పోషిస్తాయి. మొదట్లో వీటి వెడల్పు సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. కాని ఒత్తిడి మాత్రం బృహద్ధమనిదే. పాత క్షయ, శ్వాసనాళాలు సాగి చీము పట్టే వ్యాధి ఉన్నవారిలో ఇవి లావెక్కి మెలికలు తిరుగుతాయి. అరుదుగా గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. దీన్నే అన్యూరిజం అంటారు. బుడగ చిన్నదే కదా అని ఊరుకోవడానికి లేదు. చిన్నవి కూడా పగులుతాయి. అప్పుడు ప్రాణం తీసేది తరచుగా రక్తనష్టం కాదు, శ్వాసమార్గం రక్తంతో నిండిపోవడం.

మా తొర్రూరు ప్రాంతంలో దగ్గుతో రక్తం పడితే "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు తాగిస్తారు. పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లోనైతే టి.బి. అనే మాటనే గడప దాటనివ్వరు. ఆ గోప్యతకు మూల్యం చెల్లించేది ఆ పిల్లే.

సి.టి. యాంజియోగ్రాంలో ఉబ్బు బయటపడితే ఛాతీని కోయవలసిన అవసరం చాలామందికి రాదు. 1970వ దశకంలో ఫ్రాన్స్‌లో రెమీ బృందం తెచ్చిన పద్ధతిలో, గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి, లోహపు తీగచుట్టలతోనో సూక్ష్మ రేణువులతోనో రక్తనాళాన్ని మూసివేస్తారు. వెన్నుపాముకు వెళ్లే శాఖ అక్కడి నుండే చీలి ఉంటే పక్షవాతం రావచ్చు గనుక ముందే జాగ్రత్తగా పరిశీలిస్తారు. ఉబ్బు బృహద్ధమనిని ఆనుకొని ఉంటే తీగచుట్టకు చోటు చాలదు. అప్పుడు బృహద్ధమని లోపల తొడుగు అమర్చడమో, శస్త్రచికిత్సతో ఆ ధమనిని కట్టివేయడమో చేస్తారు. ఊపిరితిత్తి భాగం బాగా చెడిపోయి ఉంటే దాన్నీ తొలగిస్తారు. రక్తం ధారగా పడుతుండగా చేసే ఆపరేషన్‌లో ముప్పు ఎక్కువ. ముందు రక్తాన్ని ఆపగలిగితే మేలు.

గజ్జ దగ్గర చికిత్స అనగానే మన స్త్రీలు వెనుకాడతారు. చికిత్స కోసం అవసరమైన మేరకు సత్ర్ విషయంలో సడలింపు ఉందని ఫిఖ్హ్ పండితులు స్పష్టంగానే చెప్పారు.

రక్తం ఎక్కువగా పడితే వెంటనే వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. గొట్టం ద్వారా చేసే చికిత్సకు హైదరాబాదు వెళ్లవలసి రావచ్చు. ఖర్చు విషయం ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఏ వైపు ఊపిరితిత్తి చెడిందో తెలిస్తే దారిలో రోగిని ఆ వైపుకే ఒత్తిగిలి పడుకోబెట్టాలి. పాత ఎక్స్‌రేలు, టి.బి. మందుల చీటీలు వెంట ఉండాలి. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందుగానే చెప్పాలి.