వార్తకు పూచీ ఎవరిది?

ఒక వార్త నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న. దానిని చెప్పనివ్వవలెనా వద్దా అన్నది వేరొక ప్రశ్న. అంతర్జాలం విస్తరించిన తరువాత ఈ రెండింటినీ కలిపివేయడం పరిపాటి అయినది. ఇవి వేరు వేరని గ్రహించడానికి కలకత్తాలోని భవానీపూర్ చరిత్ర చక్కని ఆధారం.

1855 ప్రాంతంలో హరిశ్చంద్ర ముఖర్జీ ‘హిందూ పేట్రియట్’ అనే ఆంగ్ల వారపత్రికను చేపట్టి భవానీపూర్ నుండి నడిపినాడు. సైనిక ఆడిటర్ జనరల్ కార్యాలయంలో ఉద్యోగి కావడం వల్ల యాజమాన్యం అన్నగారి పేరిట ఉండేది. 1859-60లో వంగదేశపు రైతులు నీలిమందు పంట వేయబోమని తిరగబడినప్పుడు ఆ పత్రిక వారి గోడు వినిపించినది. జెస్సోర్ నుండి యువకుడైన శిశిర్ కుమార్ ఘోష్ లేఖలు వ్రాసి పంపేవాడు. 1860లో ప్రభుత్వం నియమించిన నీలి విచారణ సంఘం ఎదుట హరిశ్చంద్రుడు స్వయంగా సాక్ష్యమిచ్చినాడు. 1861 జూన్‌లో, నలభై ఏండ్లు నిండకుండానే కన్నుమూసినాడు. ఒక తోటదొర వేసిన పరువునష్టపు దావా ఆయన మరణంతో ముగియక భార్యను వెంటాడినది.

మరుసటి నెలలోనే జేమ్స్ లాంగ్ అనే మిషనరీకి న్యాయస్థానం నెల రోజుల కారాగారవాసమూ వేయి రూపాయల జరిమానా విధించినది. దీనబంధు మిత్ర నాటకం ‘నీలదర్పణం’ ఆంగ్లానువాదాన్ని ప్రకటించడమే ఆయన చేసిన నేరం. జరిమానాను కాళీప్రసన్న సింహ చెల్లించినాడు. ఆ అనువాదంపై అనువాదకుని పేరు లేదు. అయినా ప్రకటనకు పూచీపడి శిక్ష అనుభవించినవాడు ఒకడున్నాడు.

గమనింపవలసినది ఇదే. పేరు లేకపోవడం దోషం కాదు; పూచీ లేకపోవడం దోషం. నేడు చేతిఫోనులో చేరే సందేశాన్ని వందమంది పంపుతారు, ఒక్కడూ నిలబడడు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మారుపేర్లతో వ్రాసేవారు ఉన్నారు. కాని ఎవరు ఏ మాట ఎప్పుడు మార్చినదీ పుట చరిత్రలో నిలిచియుంటుంది. ఆధారం అడిగే హక్కు చదువరికి ఉంటుంది.

అదుపు వల్ల ఈ పూచీ ఏర్పడదు. 2012 ఏప్రిల్‌లో, భవానీపూర్ శాసనసభ్యురాలిగా ఉన్న ముఖ్యమంత్రిపై వేసిన వ్యంగ్యచిత్రాన్ని ఈ-మెయిల్‌లో పంపినందుకు జాదవ్‌పూర్ ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్రను నిర్బంధించినారు. వ్యంగ్యచిత్రం వార్త కాదు. అందులో నిజానిజాల ప్రసక్తే లేదు. ఆయనపై ప్రయోగించిన సమాచార సాంకేతిక చట్టపు 66-ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. అయినా ఆచార్యునికి కేసు నుండి విముక్తి 2023లో గాని లభించలేదు. అదే ఏడు, తనను గురించిన వార్తలలో ఏది అసత్యమో తేల్చే విభాగాన్ని తానే నియమించుకొనడానికి కేంద్రప్రభుత్వం నిబంధన తెచ్చినది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దానిని చెల్లదన్నది. వాది తానే న్యాయాధిపతి కావడం ఎవరికీ సమ్మతం కాదు గదా!

నిజం నిలకడ మీద తెలుస్తుందని తెలుగువారి సామెత. వచ్చిన వార్తను మరొకరికి పంపబోయే ముందు క్షణకాలం ఆగి, ఇది చెప్పినవాడెవడు, అతనికెట్లు తెలిసినది, తప్పని తేలితే దిద్దుకొంటాడా అని విచారించడమే ఆ నిలకడ. ఆ విచారణ ఏ ప్రభుత్వమూ చదువరి పక్షాన చేయజాలదు.