పంచదార డబ్బా వెనుక లెక్క

పండుగ వస్తే పాయసం, చుట్టం వస్తే కాఫీ. పంచదార కిలోకు రెండు రూపాయలు పెరిగితే ప్రతి ఇంటా గగ్గోలే! ఆ చెరకు పండించిన రైతుకు డబ్బు అందిందా లేదా అన్న సంగతి మాత్రం మనకు తట్టదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గాని, లెక్కల మాస్టారిని కాను. అయినా ఈ లెక్కకు పెద్ద గణితం అక్కరలేదు.

2024-25 సీజనుకు కేంద్ర ప్రభుత్వం క్వింటాలు చెరకుకు నిర్ణయించిన ధర 340 రూపాయలు. క్వింటాలుకు 10.25 కిలోల పంచదార దిగే చెరకుకు ఆ ధర. మిల్లులు ఇంతకు తక్కువకు పంచదార అమ్మరాదని 2019 ఫిబ్రవరిలో పెట్టిన కనీస ధర కిలోకు 31 రూపాయలు. ఆ సీజనులోనూ అదే. హెచ్చవేసి చూడండి, 318 రూపాయలైనా కాలేదు! చెరకు ఖరీదే రాకపోతే జీతాలు, బ్యాంకు వడ్డీల మాటేమిటి?

బజారులో అంతకంటె ఎక్కువే పలుకుతుంది, నిజమే. మొలాసిస్ మీద, పిప్పి మీద కూడా కొంత వస్తుంది. కాని చెరకు ఆడేది కొద్ది నెలలే. పంచదార అమ్మేది ఏడాది పొడుగునా, అదీ ప్రభుత్వం నెలనెలా అనుమతించిన మేరకే. ధర పెరుగుతుందన్న భయంతో 2022లో ఎగుమతులకు కళ్లెం వేశారు. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తయారీకీ కొంతకాలం అడ్డు చెప్పారు. ఇదంతా మన డబ్బా ఖాళీ కాకూడదనే గదా!

మిల్లుకు డబ్బు ఆడకపోతే ఆ బరువు చివరకు రైతు మీదనే పడుతుంది. కోసిన చెరకు ఆగదు. రోజు గడిచేకొద్దీ బరువూ తీపీ తగ్గిపోతాయి. ధర కుదరలేదని ఇంటికి తెచ్చి దాచుకునే సరుకు కాదది. చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే ఏడాదికి నూటికి 15 రూపాయల వడ్డీ ఇవ్వాలనీ 1966 నాటి ఉత్తర్వు చెబుతోంది. నా క్లాసులో చెరకు రైతుల పిల్లలున్నారు. ఫీజు మాట ఎత్తితే, "మిల్లు డబ్బు ఇంకా రాలేదండీ" అంటారు. ఆ 14 రోజులు ఎన్ని నెలలవుతాయో వారినడిగితే తెలుస్తుంది.

చెరకు ధర ఏటా పెంచుతూ, పంచదార కనీస ధరను ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే కాగితం మీద రైతు గెలుస్తాడు, చేతిలో డబ్బు పడదు. రెండు ధరలూ కలిసి నడవాలి. ఆ వడ్డీ నిబంధన అమలు కావాలి. అందువల్ల మనకు కిలోకు రూపాయో రెండో ఎక్కువైతే కానివ్వండి. చెరకు తియ్యగా ఉందని వేళ్లతో నమలకూడదన్నారు పెద్దలు.