పాత టెలివిజన్‌కు కొత్త దుబాసీ

టెలివిజన్ అనేది మీకు తెలియని వస్తువు కాదు. అయితే నేనిప్పుడు చెప్పబోయేది గోడకు పటంలాగా వేలాడే పల్చని టెలివిజన్ సంగతి కాదు. చెక్కపెట్టెలో ఇమిడి, ముందు ఉబ్బెత్తు అద్దమూ, పక్కన టకటకమని తిరిగే నాబూ, వెనక బాగా పొడుచుకు వచ్చిన వీపూ గల పాత టెలివిజన్ సంగతి. మీ తాతగారింట్లో అటక మీద అట్లాంటిది ఒకటి వున్నదేమో అడిగి చూడండి.

మా ఇంట్లో ఒకటి వున్నది. 1984లో, నేను ఉపాధ్యాయుడుగా చేరిన కొత్తలో, వాయిదాల మీద కొన్నాను. ఆ యేడు దేశమంతటా అనేక పట్టణాలలో చిన్న చిన్న ప్రసార కేంద్రాలు వెలిశాయి. మాకు దగ్గరలోనూ ఒకటి వచ్చింది. మా సెట్టులో రంగులు లేవు, నలుపూ తెలుపూ మాత్రమే. అయినా సాయంత్రమయ్యేసరికి వీధిలోని వాళ్లంతా మా వసారాలో చేరేవాళ్లు. కొంతమంది కిటికీ చువ్వలు పట్టుకుని బయటి నుంచే చూసేవాళ్లు.

నిరుడు సెలవుల్లో మా మనుమడు దాన్ని కిందికి దింపించాడు. ఏళ్ల తరబడి మూలపడిన సెట్టును ఒక్కసారిగా కరెంటులో పెట్టకూడదు. లోపలి భాగాలు కొన్ని ఎండిపోయి వుంటాయి. అందుచేత ముందు మెకానిక్కుకు చూపించి, చెడినవి మార్పించి, తరువాత మీట నొక్కాము. తెర వెలిగింది! కాని దాని మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లని చుక్కలు తప్ప ఏమీ లేదు. బుస్సుమని చప్పుడు.

"ఇది చచ్చిపోయింది, తాతయ్యా. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం," అన్నాడు మనుమడు.

"చావలేదురా. దానికి తెలిసిన భాషలో మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు, అంతే," అన్నాను.

ఆ భాష ఏమిటో ముందు తెలుసుకోవాలి. మన దేశపు పాత పద్ధతిలో బొమ్మను 625 అడ్డగీతలుగా కోసి, సెకనుకు 25 బొమ్మల చొప్పున పంపేవాళ్లు. గీతలో వెలుగు ఎక్కువైన చోటా, తక్కువైన చోటా గాలిలో వెళ్లే తరంగపు బలం కూడా ఆ ప్రకారమే మారేది. సెట్టు ఆ మార్పును చూచి తెర మీద గీత వెంబడి గీత గీసేది. బొమ్మ ఎట్లా వుంటే తరంగమూ అట్లాగే ఒంపులు తిరిగేది అన్నమాట. దీనికి ఎనలాగ్ పద్ధతి అని పేరు.

కొత్త పద్ధతి డిజిటల్. ఇందులో బొమ్మను అంకెలుగా మార్చి పంపుతారు. అన్ని అంకెలూ పంపాలంటే చాలా తావు కావాలి గనుక ఒక ఉపాయం చేశారు. అది మీకు బడిలో తెలిసిన ఉపాయమే. క్లాసులో నలభై మంది వున్నారనుకోండి. రోజూ నలభై పేర్లూ చదవకుండా, "నిన్న వచ్చినవాళ్లంతా వచ్చారు, ఒక్క సుబ్బారావు తప్ప" అంటే సరిపోదూ? వార్తలు చదివే ఆమె వెనక గోడ క్షణక్షణానికీ మారదు. అందుకని గోడ సంగతి మళ్లీ మళ్లీ చెప్పకుండా, ఆమె పెదవులు కదిలిన సంగతి మాత్రమే చెబుతారు. ఈ విధంగా పూర్వం ఒక్క కార్యక్రమం పట్టిన చోట ఇప్పుడు అనేక కార్యక్రమాలు పట్టిస్తున్నారు.

దీనిలో ఒక చిక్కు కూడా వున్నది. పాత పద్ధతిలో వర్షం వస్తే బొమ్మ మసకబారేది కాని, మసకలోనైనా మనిషి కనబడేవాడు. కొత్త పద్ధతిలో కొంతవరకు బొమ్మ అద్దంలా వుంటుంది. అంకెలు మరీ తప్పిపోతే ముక్కలు ముక్కలై, చటుక్కున ఆగిపోతుంది. మధ్యస్థం లేదు. ఈ ఒక్క విషయంలో నా ఓటు పాతదానికే.

ఏమైతేనేం, దేశాలన్నీ కొత్త పద్ధతికి మారసాగాయి. అమెరికాలో పెద్ద ప్రసార కేంద్రాలన్నీ 2009 జూన్ 12తో ఎనలాగ్ ఆపివేశాయి. అంతకుముందే అక్కడి ప్రభుత్వం పాత సెట్లు గలవాళ్లకు మార్పిడి పెట్టె కొనుక్కోవడానికి 40 డాలర్ల కూపన్లు, ఇంటికి రెండు చొప్పున, అడిగినవారికి పంపింది. బ్రిటన్‌లో ఈ మార్పు 2012లో పూర్తి అయింది. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయింది. హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చింది. దూరదర్శన్ వారు ఎనలాగ్ ట్రాన్స్‌మిటర్లను క్రమక్రమంగా ఆపుతూ వచ్చి, 2022 నాటికి ముఖ్యమైన స్థలాలలో వున్న కొద్దిపాటివి తప్ప తక్కినవన్నీ మూసివేశారు. మా సెట్టు తెర మీది ముగ్గుపిండికి కారణం ఇదే.

పూర్వం ఓడల మీద వచ్చిన దొరలకు మన భాష రాదు, మనవాళ్లకు వాళ్ల భాష రాదు. ఇద్దరికీ మధ్య రెండు భాషలూ తెలిసినవాడొకడు నిలబడి బేరం నడిపేవాడు. అతన్ని దుబాసీ అనేవారు. పాత టెలివిజన్‌కు కావలసింది కూడా అట్లాంటి దుబాసీయే. అదే మీరు సెట్‌టాప్ బాక్స్ అని పిలిచే పెట్టె.

ఇది నేటి ఆలోచన అని మీరనుకుంటే పొరపాటు. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం జరిగింది. అమెరికావారి ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం ఆకాశం నుంచి నేరుగా పల్లెలకు కార్యక్రమాలు పంపింది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఎన్నుకున్నారు. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా వున్నాయి. ఉదయం బడిపిల్లలకూ, సాయంత్రం పెద్దలకూ కార్యక్రమాలు. తెలుగులో కూడా వచ్చేవి. ఆ సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది. ఏంటెనా దేనితో చేశారనుకున్నారు? కోళ్లగూటికి కొట్టే ఇనుప వలతో! పది అడుగుల వెడల్పు గల పెద్ద గొడుగన్నమాట. ఆ గొడుగులో పడిన తరంగం మామూలు టెలివిజన్‌కు అర్థం కాదు. అందుకని గొడుగుకూ సెట్టుకూ మధ్య ఒక మార్పిడి పెట్టె పెట్టారు. అంటే దుబాసీ మన పల్లెలకు దాదాపు యాభై ఏళ్ల కిందటే వచ్చాడు.

ఇక మా ఇంటి సంగతికి వద్దాము. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ 2004లో మొదలయింది. దానికి నెలనెలా చందా లేదు గనుక ఒక చిన్న డిష్, ఒక బాక్స్ తెప్పించాను. బాక్స్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు వున్నాయి. పసుపుది బొమ్మకు, తక్కిన రెండూ శబ్దానికి. మా సెట్టు వెనకనో, రెండు స్క్రూలు మాత్రమే వున్నాయి, పూర్వం ఏంటెనా నుంచి వచ్చే చదునైన రిబ్బను తీగ బిగించడానికి. బాక్స్ వెనక డిష్ తీగ బిగించే చోటి పక్కనే అట్లాంటి మర ఇంకొకటి వున్నది. "దీన్ని సెట్టుకు కలిపితే సరి," అన్నాడు మనుమడు. కలిపాము. ముగ్గుపిండి అట్లాగే వున్నది. ఆ రెండో మర డిష్ నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే ఇంకో బాక్స్‌కు అందించడానికి పెట్టినది. దానిలో నుంచి వచ్చేది ఇంకా డిజిటలే. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. బాక్స్ నుంచి వచ్చే పసుపు తీగను సెట్టు లోపలికి నేరుగా కలిపితే బొమ్మ ఇంకా స్పష్టంగా వుంటుందని ఎక్కడో చదివాను. మెకానిక్కు వద్దన్నా వినకుండా వెనక ఒక రంధ్రం చేయించి, తీగ కలిపించాను. బొమ్మ వచ్చింది, చాలా బాగా కూడా వచ్చింది. డిష్ తీగ కాస్త వదులుగా వున్నదని దాన్ని బిగించడానికి మనుమడు చెయ్యి చాచాడు. వాడి చెయ్యి పడేలోగా నేను బాక్స్‌ను సర్దబోయాను. దాని ఇనుప ఒంటికి నా వేళ్లు తగిలాయి. ఒక్క విసురుతో వెనక్కు పడ్డాను. చెయ్యి చాలాసేపు మొద్దుబారిపోయింది.

కారణం చెబుతాను, జాగ్రత్తగా వినండి. మీ పెద్దవాళ్లు కూడా వింటే మంచిది. పాత సెట్లు అనేకం కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా లోపలికి తీసుకునేవి. ఇంటి కరెంటు తీగలలో ఒకటి లోపలి ఇనుప చట్రానికే తగిలి వుండవచ్చు. బయట చెక్కపెట్టె వున్నది గనుక మనకు తెలియదు. కాని లోపలి చట్రానికి పసుపు తీగ కలిపితే ఆ కరెంటు తీగ వెంబడి బాక్స్ ఒంటికి వస్తుంది. 230 వోల్టులు! ఇది గాక పిక్చర్ ట్యూబ్ దగ్గర పది పదిహేను వేల వోల్టులు వుంటాయి. ప్లగ్గు పీకిన తరువాత కూడా అక్కడ కొంత నిలిచి వుండవచ్చు. అందుచేత పాత టెలివిజన్ వీపు మీరు విప్పకూడదు. మీ నాన్నగారు కూడా విప్పకూడదు. అది తెలిసిన మెకానిక్కు పని.

మరి ఏంటెనా స్క్రూల దారి ఎందుకు మేలు? అక్కడ తయారీదారులే చిన్న కెపాసిటర్లను కాపలా పెట్టారు. ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మూడో చానెలు తరంగం సెకనుకు అయిదున్నర కోట్ల సార్లు ఊగుతుంది. అంత వేగంగా తలుపు తట్టేవాణ్ణి ఆ కాపలావాడు లోపలికి పోనిస్తాడు. నెమ్మదిగా తట్టే ఇంటి కరెంటును దాదాపు పూర్తిగా ఆపుతాడు. ఆ కాపలావాడూ ముసలివాడై వుండవచ్చు గనుక, మెకానిక్కు చేత పరీక్ష చేయించి, చెడితే మార్పించుకోవాలి.

సరే, నేను చేయించిన రంధ్రాన్ని మూయించాను. ఈసారి మాడ్యులేటర్ అనే రెండో చిన్న పెట్టె తెచ్చాము. బాక్స్ నుంచి వచ్చే బొమ్మనూ, మాటనూ ఇది కలిపి, పూర్వం ప్రసార కేంద్రం చేసినట్టే మూడో చానెలుగానో నాలుగో చానెలుగానో తయారుచేస్తుంది. ఇంట్లో వున్న బుల్లి ప్రసార కేంద్రమని అనుకోండి. దాని నుంచి వచ్చేది గుండ్రని తీగ, 75 ఓములు. సెట్టు అడిగేది రిబ్బను తీగ, 300 ఓములు. ఈ రెండిటినీ పొసగించడానికి బొటనవేలంత బేలన్ అనేదాన్ని మధ్యలో పెట్టాలి.

మేము తెచ్చిన మొదటి మాడ్యులేటర్‌తో బొమ్మ వచ్చింది గాని మాట రాలేదు. మనుమడు బాక్స్‌ను తిట్టాడు. తప్పు బాక్స్‌ది కాదు. మన దేశపు సెట్లలో బొమ్మ తరంగానికీ, మాట తరంగానికీ మధ్య 5.5 మెగాహెర్ట్జ్ ఎడం వుంటుంది. అమెరికా సెట్లలో ఆ ఎడం 4.5. మేము తెచ్చినది అమెరికా సెట్ల కొరకు చేసినది. మాట ఒకచోట వినబడుతుంటే మా సెట్టు ఇంకొకచోట చెవి పెట్టి వింటున్నదన్నమాట. దాన్ని తిరిగి ఇచ్చి, పాల్-బి పద్ధతిది అడిగి తెచ్చుకున్నాము. బాక్స్ మెనూలో కూడా పాల్ అని వుండేట్టు చూసుకోవాలి.

నాబును మూడో నంబరుకు తిప్పి, దాని చుట్టూ వున్న సన్నని చక్రాన్ని అటూ ఇటూ జరిపేసరికి బొమ్మ కుదిరింది. మాట కూడా వినిపించింది. రంగుల కార్యక్రమమే, కాని మా సెట్టు అందులోని వెలుగునీడలను మాత్రం తీసుకుని రంగులను వదిలేసింది. మనుషులంతా పొడుగ్గా, సన్నగా కనబడ్డారు. ఇప్పటి బొమ్మ వెడల్పూ ఎత్తూ 16కు 9; పాత తెర 4కు 3. మెనూలో ఆ మాట చెబితే పైనా కిందా నల్లని పట్టీలు వచ్చి మనుషులు సరి అయినారు. నాబు తిప్పితే మాత్రం చానెలు మారదు. అది ఎప్పుడూ మూడు మీదే వుండాలి. చానెళ్లు మార్చడం దుబాసీ పని. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా కోపం తెప్పిస్తున్నది.

మీరు చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వున్నది. వెలుతురు వేగంతో పోయినా పైకీ కిందికీ కలిపి దాదాపు పావు సెకను పడుతుంది. బొమ్మను అంకెలు చేయడానికీ, ఆ అంకెలను తిరిగి బొమ్మ చేయడానికీ ఇంకా కొంత సమయం పోతుంది. ఒకే కార్యక్రమం రెండిళ్లలో, రెండు రకాల బాక్స్‌లలో వస్తున్నప్పుడు ఎవరికి ముందు వస్తున్నదో గడియారం పెట్టి చూడండి. క్రికెట్ ఆట అయితే ఇంకా సులువు. మా పక్కింట్లో కేబుల్ వున్నది. మొన్న బంతి ఇంకా బౌలర్ చేతిలో వుండగానే పక్కింట్లో కేకలు వినబడ్డాయి. మనుమడు సెకన్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు, మూడు అని. మరునాడు లెక్కపెడితే నాలుగు వచ్చింది. ఎందుకు మారిందో వాడింకా తేల్చుకోలేదు.