మా ఇంటి బుల్లి అంబాసిడర్

పాత కారు కొన్నామంటే మనవాళ్ళు రెండు రకాలుగా చూస్తారు. కొత్తది కొనే స్తోమత లేదేమో పాపం అని కొందరు, డబ్బెక్కువైతే ఇలాంటి సరదాలే పుడతాయని మరికొందరు. మా 1966 నాటి మోరిస్ మైనర్‌కి ఈ రెండూ నప్పవు. 2019లో దాన్ని 2,600 పౌండ్లకు కొన్నాం. ఆ ఏడాది వేసవి సెలవుల్లో నలుగురం హైదరాబాదు వెళ్ళిరావడానికి టికెట్లకే అంతకన్నా ఎక్కువైంది! ఆఫీసుకీ, స్కూలుకీ, వారాంతపు సరుకులకీ మాకు వేరే బండి ఉంది. ఇది ఆదివారాల బండి. ఎండ కాస్తే బయటికొస్తుంది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలెట్టగానే గరాజులో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

ఆడవాళ్ళకు ఈ కార్ల పిచ్చేమిటని అడిగినవాళ్ళూ ఉన్నారు. మావారికి స్పానర్ పట్టుకోవడం కన్నా సాంబారు పెట్టడం బాగా వచ్చు. అందుకని మా ఇంట్లో పొయ్యి దగ్గర పని ఆయనది, బానెట్ కింద పని నాది. ఇద్దరం సుఖంగా ఉన్నాం.

లెక్కలు తప్పినాయన గీసిన కారు

మోరిస్ మైనర్‌ని చూస్తే ఇంగ్లీషువాళ్ళకు తమ బామ్మలు, తాతలు గుర్తొస్తారు. ఊళ్ళో నర్సమ్మ, బడి పంతులమ్మ, పోలీసు... ఒకప్పుడు అందరూ దీన్నే నడిపారు. ఇంతటి ఇంగ్లీషు కారును గీసిన మనిషి మాత్రం మనలాగే బయటి నుంచి వచ్చినవాడు. అలెక్ ఇసిగొనిస్ 1906లో స్మిర్నాలో పుట్టారు. ఇప్పుడది టర్కీలోని ఇజ్మీర్. 1922లో అక్కడ యుద్ధం ముంచుకొచ్చి, ఆ కుటుంబం ఉన్నదంతా వదిలేసి ఓడెక్కింది. తండ్రి ఇంగ్లండు చేరకుండానే పోయారు. తల్లీ కొడుకూ మిగిలారు. ఇక్కడ ఇంజనీరింగు చదువుతూ ఆయన లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పారు. ఈ సంగతి పిల్లల చెవిన వేయొద్దని మావారు బతిమాలారు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది!

మైనర్ 1948లో లండన్ ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. అంతకు కొద్దికాలం ముందు, నమూనా కారు మరీ ఇరుగ్గా ఉందని ఇసిగొనిస్‌కి అనిపించింది. దాన్ని నిలువునా రెండుగా కోయించి, రెండు ముక్కల్నీ దూరం జరుపుతూ చూశారు. నాలుగంగుళాల ఎడం దగ్గర "ఆఁ, ఇప్పుడు బాగుంది" అనిపించి అదే ఖాయం చేశారు. బానెట్ మధ్యలో పొడుగునా కనిపించే బల్లపరుపు పట్టీ ఆ నాలుగంగుళాలే. మా ఇంటికొచ్చిన ప్రతి పిల్లాడి చేతా మా అబ్బాయి స్కేలు పెట్టి కొలిపిస్తాడు.

కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కి మాత్రం ఈ కారు నచ్చలేదు. పోచ్డ్ ఎగ్‌లా ఉందని ఈసడించుకున్నారట. ఆ గుడ్డే 1960 డిసెంబరు నాటికి పదిలక్షలైంది! బ్రిటన్‌లో ఆ అంకెను అందుకున్న మొదటి కారు ఇదే. ఆ సంబరానికి లేత ఊదారంగులో 350 ప్రత్యేక కార్లు చేశారు. 1970ల మొదట్లో తయారీ ఆపేనాటికి మొత్తం పదహారు లక్షలు దాటాయి.

వేలువిడిచిన చెల్లెలు

ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ ఫ్యాక్టరీలో మైనర్‌తో పాటు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పెద్ద కారు కూడా తయారయ్యేది. దాని మూడో సిరీస్ అచ్చులే మన దేశానికి వెళ్ళి, కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా కొత్త జన్మ ఎత్తాయి. కలెక్టరుగారి కారు, పెళ్ళికొడుకు కారు, తిరపతి వెళ్ళే టాక్సీ... 1950ల చివర మొదలైన ఆ ప్రయాణం 2014 మేలో ఆగింది. అంటే మా మైనర్ మన అంబాసిడర్‌కి వేలువిడిచిన చెల్లెలన్నమాట. ఆ గుండ్రటి బుగ్గలూ, కళ్ళూ చూస్తే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు ఇద్దరికీ ఉన్నాయి.

దీని తీరే వేరు. 1098 సీసీ ఇంజను, 48 గుర్రాల బలం. గంటకు 50, 55 మైళ్ళ దగ్గర హాయిగా పోతుంది. ఆపైన ఇంజను రొదకి వెనకసీటు వాళ్ళ మాట వినపడదు. తాళం తిప్పగానే బానెట్ కింద పెట్రోలు పంపు టిక్... టిక్... టిక్ మంటుంది. కార్బురేటర్ నిండాక ఆగుతుంది. అది ఆగాకే సెల్ఫ్ కొట్టాలి. చలిగా ఉంటే చోక్ లాగాలి. బ్యాటరీ మొరాయిస్తే హ్యాండిల్ కొట్టడానికి ముందువైపు కన్నం ఉంది. హెడ్‌లైట్లు దించాలంటే నేల మీద బటన్‌ని ఎడమకాలితో నొక్కాలి. పవర్ స్టీరింగ్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. అందుకే మేము మోటర్‌వే ఎక్కం. కొన్న నెలలోనే వెనకసీటుకి బెల్టులు బిగించాం.

స్టెప్నీ తెచ్చిన చుట్టరికం

2022 ఏప్రిల్‌లో నాన్న కాకినాడ నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు. మొదటి నెల మన పెద్దవాళ్ళందరి కథే. పొద్దున్నే లేచి కిటికీ దగ్గర కూర్చోవడం, యూట్యూబ్‌లో వార్తలు, ఫోన్‌లో టైము చూసి "అక్కడిప్పుడు సాయంత్రమైంది" అనుకోవడం. పదకొండేళ్ళ మనవడికి ఆయన తెలుగు సగమే అర్థమయ్యేది. ఆయనకు వాడి ఇంగ్లీషు అసలు అందేది కాదు.

మే నెలలో బండి బయటికి తీశాను. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, వంగి ముందు చక్రం వెనక్కి చూసి, "గ్రీజు ఎప్పుడు కొట్టావమ్మలూ?" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ అయింది.

ఈ బండికి ప్రాణం గ్రీజులోనే ఉంది. ముందు చక్రాల దగ్గర ఒక్కోవైపు పైనొకటి, కిందొకటి గ్రీజు నిపిల్స్ ఉంటాయి. మూడువేల మైళ్ళకోసారైనా గ్రీజు గన్‌తో నింపాలి. లేకపోతే లోపలి మరలు అరిగి, ఏదో ఒక రోజు చక్రం బండి కిందికి మడతపడిపోతుంది. మైనర్లకు ఇది పేరుపొందిన జబ్బు. వాడికిది నాన్న మాటల్లో చెప్పలేదు. చక్రం పైకెత్తి, వాడి చేత పట్టించి, అటూ ఇటూ ఊపించారు. "కదిలిందా? కదలకూడదు." రెండే మాటలు. వాడికి పూర్తిగా అర్థమైంది.

ఇంకో తమాషా. నాన్న నోట వచ్చే బండి మాటలన్నీ తెలుగే అనుకున్నాడు మావాడు. డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అంటారు, బూట్‌ని డిక్కీ అంటారు, స్పేర్ వీల్‌ని స్టెప్నీ అంటారు. వాటి పుట్టుక వెతికితే ఒక్కొక్కటీ ఒక కథ! వేల్స్‌లోని లనెథ్లీ ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ అనే వీధి ఉంది. 1904లో అక్కడి ఇద్దరు అన్నదమ్ములు కార్లకు అదనపు చక్రం కనిపెట్టి, తమ వీధి పేరు పెట్టారు. ఆ మాటను ఇక్కడివాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. మన లారీ డ్రైవర్లు నూరేళ్ళకు పైగా దాచిపెట్టారు. మా పక్కింటి ఇంగ్లీషాయనకు స్టెప్నీ అంటే ఏమిటో మా పదకొండేళ్ళవాడు నేర్పించాడు. నాన్న మీసం మెలేశారు.

చట్టం అడగని పరీక్ష

2018 మే నుంచి బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటా ఎమ్.ఓ.టీ. పరీక్ష తప్పనిసరి కాదు. రోడ్ టాక్స్ కూడా సున్నా. బండి కొన్నప్పుడు మావారు పెట్టిన షరతు ఒక్కటే. "పిల్లలెక్కే బండి. చట్టం అడక్కపోయినా నేను అడుగుతాను." అందుకని ఏటా డబ్బు కట్టి మరీ పరీక్ష చేయిస్తున్నాం.

ఆ జూన్‌లో పరీక్ష చేసే అతను కిందికి వెళ్ళి, సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగిపోయాడు. వెనక ఎడమవైపు కమాన్ కట్టను బాడీకి బిగించే చోట ఇనుము బిస్కెట్టులా పొడైంది. పైనుంచి చూస్తే మెరిసే పెయింటు! అది ఊడితే వెనక ఇరుసే పక్కకి జరిగిపోతుంది. బాగుచేయడానికి 680 పౌండ్లన్నాడు. విడిభాగాల కోసం 900కి కొంటానని ఇంకొకరు ముందుకొచ్చారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అమ్మేస్తే 900 చేతికొస్తుంది, ఉంచితే 680 పోతుంది. లెక్క స్పష్టంగానే ఉంది. మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మజ్జిగన్నం కలుపుకుంటూ నాన్న అన్నారు, "తుప్పు బయటపడ్డ బండి మంచి బండే అమ్మలూ. లోపల దాచుకున్న బండిని చూసి భయపడాలి."

మర్నాడు గరాజుకి వెళ్ళి, వెల్డింగ్ మీరు చేయండి, మిగతాది మేం చేసుకుంటాం అన్నాను. 410కి ఒప్పుకున్నాడు. సీట్లు, కార్పెట్లు మేమే విప్పాం. పాత పెయింటు గీకాం. వెల్డింగ్ అయ్యాక తుప్పు పట్టకుండా మైనం పూత పట్టించాం. ముగ్గురు తరాలవాళ్ళం, మూడు వారాంతాలు. మావారు టీ, పకోడీలు సరఫరా చేశారు.

ఆగస్టులో పక్క ఊళ్ళో పాత కార్ల ప్రదర్శన జరిగింది. నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళు ప్రభుత్వ డ్రైవరు. అందులో పద్దెనిమిదేళ్ళు అంబాసిడరే. ఆ జీతంతోనే నన్ను చదివించారు. కానీ ఇక్కడ మన సమావేశాల్లో డాక్టర్లూ, ఇంజనీర్ల తల్లిదండ్రుల మధ్య ఎవరైనా అడిగితే "రెవెన్యూలో చేశానండీ" అని ఊరుకునేవారు. నేనూ ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు. ఆ ప్రదర్శనలో ఒక ముసలాయన మా ఇంజను శబ్దం విని, ఇంత మెత్తగా ఎవరు ట్యూన్ చేశారని అడిగాడు. మావాడు తాతయ్యను చూపించాడు. మీరు మెకానిక్కా అని ఆయన అడిగితే, నాన్న నిటారుగా నిలబడి, "డ్రైవర్. థర్టీ ఇయర్స్. అంబాసిడర్" అన్నారు. ఆ ముసలాయన తన టోపీ తీసి, చేయి కలిపి, మా బండి కూడా ఒకసారి వినిపెట్టండని వెంట తీసుకెళ్ళాడు.

ఆ నెలాఖరున వినాయక చవితి పూజలో ఎవరో మళ్ళీ అదే ప్రశ్న వేశారు. "డ్రైవరుగా చేశానండీ, కలెక్టరాఫీసులో" అన్నారు నాన్న. పక్కనే ఉన్న నాకు ఆ 410 పౌండ్లూ గుర్తొచ్చాయి.

మీరూ కొనాలనుకుంటే

ముందు కింద పడుకుని చూడండి. మెరుపుకి మోసపోకండి. ఇంజను బాగుచేయడం తేలిక, తుప్పు బాగుచేయడమే ఖర్చు. తలుపుల కింది అంచులు, నేల, కమాన్ కట్టలు బిగించే చోట్లు ముఖ్యం. నంబరు కొడితే పాత ఎమ్.ఓ.టీ. ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా కనిపిస్తాయి.

2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోలు ఈ10. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. సూపర్ ఈ5 పోయించండి. సీసం లేని పెట్రోలుకి తగ్గట్టు వాల్వ్ సీట్లు మార్చారా అని అడగండి. రోడ్ టాక్స్ సున్నా అయినా ఏటా దరఖాస్తు పెట్టాల్సిందే. ఇన్సూరెన్సు 'ఒప్పుకున్న విలువ' పద్ధతిలో తీసుకోండి. బెల్టులు లేకుండా తయారైన కారులో మూడేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించడం చట్టవిరుద్ధం. మూడు దాటినవాళ్ళు వెనకసీట్లోనే కూర్చోవాలి. పాపాయి ఉన్న ఇల్లయితే కొన్నాళ్ళు ఆగండి. విడిభాగాలకు బెంగ లేదు, ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. మోరిస్ మైనర్ ఓనర్స్ క్లబ్ సభ్యులు సలహా అడిగితే కాదనరు.

ఇంట్లో ఏ వస్తువు చెడినా పారేసి కొత్తది తెచ్చుకునే రోజులివి. చెడితే విప్పి, ఎందుకు చెడిందో చూడగలిగిన వస్తువు పిల్లల ముందు ఒక్కటైనా ఉండాలని నా కోరిక. అది కారే కానక్కర్లేదు. కుట్టుమిషనైనా, గోడగడియారమైనా సరే.

నాన్న ఇప్పుడు కాకినాడలోనే ఉన్నారు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తారు. చదువులూ, ఆరోగ్యాలూ తర్వాత. మొదటి ప్రశ్న మనవడికే. "ఏరా, గ్రీజు కొట్టావా?"

"కొట్టాను తాతయ్యా. కదల్లేదు."